ధర చెప్పకుండా అమ్మిన బ్రెగ్జిట్

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల చేతికిచ్చిన బ్యాలెట్‌లో ప్రశ్న ఒక్కటే: ఐరోపా యూనియన్‌ (ఈయూ)లో ఉండాలా, బయటికి రావాలా? కింద రెండు గడులు. బయటికొచ్చి ఎక్కడ ఆగాలన్నది ఆ కాగితం మీద లేదు. నార్వేలా సభ్యత్వం లేకుండానే, ఒకే నిబంధనలతో నడిచే సింగిల్ మార్కెట్‌లో కొనసాగవచ్చు. టర్కీలా, లోపల సుంకాలు లేక బయటి సరుకుకు ఒకే సుంకం ఉండే కస్టమ్స్ యూనియన్‌తో సరిపెట్టుకోవచ్చు. కెనడాలా వాణిజ్య ఒప్పందం ఒకటి చేసుకుని దూరం జరగవచ్చు. ఏ ఒప్పందమూ లేకుండా తెగతెంపులూ చేసుకోవచ్చు. ఒక్కో దారికి ఒక్కో ఖర్చు. 1 కోటి 74 లక్షల మంది బయటికి రావాలన్నారు, 1 కోటి 61 లక్షల మంది ఉండాలన్నారు. శాతాల్లో 51.9, 48.1. గెలిచిన ఆ కోటీ డెబ్బై నాలుగు లక్షల్లో ఎవరి మనసులో ఏ దారి ఉందో చెప్పగలిగే వాళ్లు మాత్రం దేశంలో ఎవరూ లేరు.

అక్కడి నుంచి 2024 జులై వరకు, ఎనిమిదేళ్లలో, డౌనింగ్ స్ట్రీట్‌కు కొత్తగా వచ్చిన ప్రధానులు ఐదుగురు. అంతకుముందు ఐదుగురు ప్రధానులు, అంటే థాచర్ నుంచి కామెరాన్ వరకు, 37 ఏళ్లు పాలించారు. ఈ గందరగోళానికి బ్రెగ్జిట్ నిర్ణయమే కారణమని ఒక పక్షం అంటుంది. నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా అమలు చేయకపోవడమే కారణమని రెండో పక్షం అంటుంది. ఈ వాదులాటలో ఒక విషయం మరుగున పడిపోతోంది. ఏ దారి పట్టుకుంటే ఏది వదులుకోవాలో జనానికి ముఖాముఖి చెప్పే పనిని వరసగా వచ్చిన నాయకులందరూ తప్పించుకున్నారు. అధికార పక్షమే కాదు, ప్రతిపక్షం కూడా.

మొదలుపెట్టింది అప్పటి కన్జర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్. ఆయన 2013 జనవరిలో రిఫరెండం హామీ ఇచ్చేనాటికి ఐరోపా అన్నది బ్రిటన్ సామాన్య ఓటరు పెద్దగా పట్టించుకుంటున్న సమస్య కాదు. అది కన్జర్వేటివ్ పార్టీ ఇంటి గొడవ. ఒకపక్క సొంత ఎంపీల తిరుగుబాట్లు, ఇంకోపక్క ఈయూ నుంచి బయటికి రావాలనే, నైజెల్ ఫరాజ్ నడిపిన యూకిప్ పార్టీ పోటీ. 2014 ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో యూకిప్ ఏకంగా మొదటి స్థానంలో నిలిచింది. పార్టీని ఒక తాటి మీద ఉంచడానికి ఇచ్చిన హామీ 2015లో పూర్తి మెజారిటీ రావడంతో మెడకు చుట్టుకుంది. రిఫరెండం బిల్లును పార్లమెంటు దిగువ సభ కామన్స్ 544–53 ఓట్లతో ముందుకు పంపింది. అన్ని ఓట్లు వేసిన సభలో, స్వల్ప తేడాతో ఫలితం వస్తే ఏం చేయాలన్న చర్చ పెద్దగా జరగలేదు. 1979లో స్కాట్లండ్ అసెంబ్లీ రిఫరెండానికి మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలని ఇదే పార్లమెంటు షరతు పెట్టింది. ఈసారి అలాంటిదేదీ లేదు. చట్టరీత్యా సలహా మాత్రమే అయిన ఓటును, ఫలితం ఏదైనా అమలు చేసి తీరతామని ప్రభుత్వమే ఇంటింటికీ కరపత్రం పంపి మరీ చెప్పింది.

ప్రచారం సంగతి తెలిసిందే. వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పోతున్నాయని బయటికి రావాలన్న పక్షం ఎర్ర బస్సు మీద రాసుకుని తిరిగింది. ఆ లెక్కలో బ్రిటన్‌కు దక్కే రాయితీని తీసేయలేదు, తిరిగి వచ్చే నిధులనూ కలపలేదు. అవతలి పక్షం ఐరోపా గురించి ఒక్క మంచిమాట చెప్పకుండా, బయటికొస్తే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందన్న భయం మీదే బండి లాగించింది. ఓడిపోతే ఏం చేయాలన్న ప్రణాళికను సివిల్ సర్వీసు తయారు చేయకుండా కామెరాన్ ప్రభుత్వం అడ్డుకుంది. దీన్ని ఘోరమైన నిర్లక్ష్యమని కామన్స్ విదేశీ వ్యవహారాల కమిటీ తర్వాత తప్పుపట్టింది. ఫలితం వచ్చిన ఉదయమే కామెరాన్ రాజీనామా ప్రకటించారు. పందెం కాసినవాడు ఓడిపోయాక బిల్లు పక్కవాడికి వదిలేసి లేచిపోవడం బ్రిటిష్ రాజకీయాల్లో అరుదేమీ కాదు గానీ, ఇంత పెద్ద బిల్లు ఎప్పుడూ లేదు.

ఆయన తర్వాత ప్రధాని అయిన థెరిసా మే, ఈయూలో ఉండాలన్న పక్షానికి ఓటేసిన మనిషి. ఆ అనుమానం పోగొట్టుకోవడానికి కాబోలు, మొదట్లోనే అందరికంటే గట్టి గీతలు గీశారు. 2016 అక్టోబర్‌లో బర్మింగ్‌హామ్ పార్టీ సభలో ఐరోపా న్యాయస్థానం పరిధి ఇక చెల్లదన్నారు. ఆ ప్రసంగం విని తాను నిర్ఘాంతపోయానని ఆమె ఆర్థిక మంత్రి ఫిలిప్ హామండే తర్వాత చెప్పారు. 2017 జనవరిలో లాంకాస్టర్ హౌస్ ప్రసంగంలో సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండింటి నుంచీ తప్పుకుంటామన్నారు. రిఫరెండంలో అడగని ప్రశ్నకు అలా ఒక ప్రసంగంలో జవాబు తేలిపోయింది. 48 శాతం మందిని కలుపుకుని, ఈయూకు దగ్గరగా ఉండే మెత్తటి బ్రెగ్జిట్ కోసం ప్రయత్నించే అవకాశం ఆ రోజుల్లో ఉంది. ప్రతిపక్ష లేబర్ ఎంపీలతో మాట్లాడి ఉంటే సభలో సంఖ్యాబలమూ దొరికేది. కానీ అలా చేస్తే సొంత పార్టీ చీలుతుంది. కామెరాన్ లాగే ఆమె కూడా పార్టీనే కాపాడుకున్నారు.

2017 మార్చి 29న, ఈయూ నుంచి వైదొలుగుతున్నామని చెప్పే ఆర్టికల్ 50 నోటీసు ఇచ్చేశారు. ఇస్తే రెండేళ్ల గడువు మొదలవుతుంది, గడియారం ఈయూ చేతికి పోతుంది. ఏం అడగాలో మంత్రివర్గంలో ఏకాభిప్రాయం కుదరకముందే ఆ గడియారాన్ని తిప్పేశారు. మరో మూడు వారాలకే మధ్యంతర ఎన్నికలు ప్రకటించి, జూన్‌లో ఉన్న మెజారిటీని కూడా పోగొట్టుకున్నారు. ఇక ప్రభుత్వం నిలబడాలంటే ఉత్తర ఐర్లండ్‌కు చెందిన, బ్రిటన్‌తోనే ఉండాలనే డీయూపీ పార్టీ 10 మంది ఎంపీలు కావాలి. ఉత్తర ఐర్లండ్‌కు అదనంగా 100 కోట్ల పౌండ్లు కేటాయించి ఆ మద్దతు సంపాదించారు. బ్రెగ్జిట్ మొత్తంలో అతి సున్నితమైన సమస్య ఉత్తర ఐర్లండ్‌దే. సరిగ్గా అక్కడి ఒక పక్షం చేతికే వీటో వెళ్లింది.

ఈ ఐర్లండ్ ముడిని అర్థం చేసుకుంటే మిగతా కథంతా దానంతటదే విడిపోతుంది. ఈయూ సభ్యదేశమైన ఐర్లండ్ రిపబ్లిక్‌కు, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కు మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. దాన్ని దాటే రోడ్లు రెండు వందలకు పైనే. కొన్ని పొలాల మధ్య నుంచి కూడా ఆ గీత పోతుంది. మూడు దశాబ్దాల హింసలో దాదాపు 3,500 మంది చనిపోయాక 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. తనను తాను ఐరిష్ అనుకునేవాడికీ బ్రిటిష్ అనుకునేవాడికీ ఆ గీత రోజువారీ జీవితంలో అడ్డం రాకపోవడమే ఆ శాంతికి ఊపిరి. అలా అడ్డం రాకపోవడానికి ఒక ముఖ్య కారణం, రెండు దేశాలూ ఒకే సింగిల్ మార్కెట్‌లో, ఒకే కస్టమ్స్ యూనియన్‌లో ఉండటం.

బ్రిటన్ నాయకులు ఇచ్చిన హామీలు మూడు. దేశం సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్‌ల నుంచి బయటికొస్తుంది. ఐర్లండ్ గడ్డ మీద చెక్‌పోస్టులు రావు. ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రంలో కూడా తనిఖీలు ఉండవు. వీటిలో ఏ రెండైనా సాధ్యమే. మూడూ కలిపి సాధ్యం కాదు. నిబంధనలు వేరైన రెండు మార్కెట్ల మధ్య సరుకును ఎక్కడో ఒకచోట చూడాలి కదా. ఇది అధికారులకు మొదటి రోజు నుంచీ తెలుసు, డబ్లిన్‌కు తెలుసు, బ్రసెల్స్‌కు తెలుసు. లండన్ నాయకులు మాత్రం అవ్వా కావాలి బువ్వా కావాలి అన్న ధోరణిలోనే ఏళ్లు గడిపారు. ఇంకా రాని టెక్నాలజీ ఏదో వచ్చి సరిహద్దును కనిపించకుండా చేస్తుందని కొందరు నమ్మబలికారు. ఉత్తర ఐర్లండ్ వ్యవహారాల మంత్రిగా ఉన్న కారెన్ బ్రాడ్లీ, ఐర్లండ్‌తో కలవాలనే అక్కడి జాతీయవాదులు, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు పార్టీలకు ఓటేయరన్న సంగతి పదవిలోకి వచ్చేదాకా తనకు తెలియదని 2018లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న డోవర్–కాలే మార్గం మీద దేశ వాణిజ్యం ఎంతగా ఆధారపడి ఉందో తనకు పూర్తిగా అర్థం కాలేదని బ్రెగ్జిట్ మంత్రి డొమినిక్ రాబ్ అదే ఏడాది అన్నారు. ఆయన ఆ శాఖ బాధ్యత తీసుకుని అప్పటికి నాలుగు నెలలు.

మే చివరికి తెచ్చిన ఒప్పందంలో ‘బ్యాక్‌స్టాప్’ అనే ఏర్పాటు ఉంది. వేరే పరిష్కారం దొరికేదాకా బ్రిటన్ మొత్తం ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా ఉంటుంది. అంటే మూడు హామీల్లో మొదటిదాన్ని కొంత వదులుకోవడం. ఆమె ఆ మాట సూటిగా చెప్పి, ఎందుకు వదులుకోవాలో వివరించి ఉంటే కథ ఎలా ఉండేదో! చెప్పలేదు. 2019 జనవరి 15న కామన్స్‌లో 432–202 తేడాతో ఆ ఒప్పందం ఓడిపోయింది. బ్రిటిష్ పార్లమెంటు చరిత్రలో ప్రభుత్వానికి అంత పెద్ద ఓటమి లేదు. మార్చిలో ఇంకో రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఓడిపోయారు.

అప్పుడు ఎంపీలే పగ్గాలు తీసుకుని తమకేం కావాలో తేల్చుకోవడానికి వరస ఓట్లు పెట్టుకున్నారు. మొదటి విడతలో ఎనిమిది ప్రతిపాదనలు, ఎనిమిదీ వీగిపోయాయి. రెండో విడతలో నాలుగు, అవీ అంతే. కస్టమ్స్ యూనియన్‌లో ఉండాలన్న ప్రతిపాదన మూడంటే మూడు ఓట్ల తేడాతో పోయింది. రెండో రిఫరెండం మీద ఆశ పెట్టుకున్న కొందరు ఎంపీలు దానికి చేయి ఎత్తలేదు. అంతా కావాలనుకుని ఉన్నదీ పోగొట్టుకోవడం ఒక్క బ్రెగ్జిట్ వాదుల జబ్బు కాదన్నమాట. ఇక లేబర్ నేత జెరెమీ కార్బిన్ చివరిదాకా గోడ మీదే కూర్చున్నారు. 2019 ఎన్నికలకు ఆయన తెచ్చిన విధానం ఏమిటంటే, కొత్త ఒప్పందం చేసుకుని దాన్ని మళ్లీ రిఫరెండానికి పెడతారు, ఆ రిఫరెండంలో తాను మాత్రం తటస్థంగా ఉంటారు.

మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ ఈ ముడిని విప్పలేదు, కోసేశారు. ఐరిష్ సముద్రంలో తనిఖీలకు ఏ కన్జర్వేటివ్ ప్రభుత్వమూ ఒప్పుకోకూడదని 2018 నవంబర్‌లో డీయూపీ మహాసభలో చప్పట్ల మధ్య ప్రకటించిన మనిషి, 2019 అక్టోబర్‌లో ప్రధానిగా సరిగ్గా దానికే సంతకం పెట్టారు. మూడో హామీ అలా పోయింది. పోయిందని ఆయన ఒప్పుకోలేదు. సరుకు పంపడానికి ఎవరైనా ఫారం నింపమంటే చెత్తబుట్టలో పారేయమని ఉత్తర ఐర్లండ్ వ్యాపారులకు ఎన్నికల ముందు చెప్పారు. డిసెంబర్‌లో 80 సీట్ల మెజారిటీ వచ్చింది. తరతరాలుగా లేబర్‌కు ఓటేసిన బోల్సోవర్, సెడ్జ్‌ఫీల్డ్ లాంటి గని ప్రాంతాలు కన్జర్వేటివ్‌ల వైపు తిరిగాయి. ఆ గెలుపు ఘనమైనదే. ధర చెప్పకుండా అమ్మినా కొనేవాళ్లు ఉంటారని కూడా అది నేర్పింది.

ఆ గెలుపుకు ముందు జరిగినవి తక్కువేం కావు. పార్లమెంటు అడ్డు తొలగించుకోవడానికి సభను ఐదు వారాలు ప్రొరోగ్ చేశారు, అంటే సమావేశాలు నిలిపేశారు. 2019 సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధమని తేల్చారు. బ్రిటన్‌కు ఒకే పత్రంగా రాసుకున్న రాజ్యాంగం లేదు. అధికారంలో ఉన్నవాళ్లు కొన్ని హద్దులు దాటరన్న నమ్మకం మీదే అక్కడ చాలావరకు నడుస్తుంది. తనంతట తాను ఆగేవాడి దగ్గర తప్ప ఆ నమ్మకం పనికిరాదని ఆ నెలలో తేలింది. అదే నెలలో ఒప్పందం లేని బ్రెగ్జిట్‌ను అడ్డుకున్నందుకు 21 మంది కన్జర్వేటివ్ ఎంపీలను పార్టీ నుంచి గెంటేశారు. వాళ్లలో ఇద్దరు మాజీ ఆర్థిక మంత్రులు, హామండ్, కెన్నెత్ క్లార్క్. ఇంకొకరు చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్.

ఈ గెంటివేతకు దక్కాల్సిన ప్రాముఖ్యం దక్కలేదు. అప్పటి నుంచి కన్జర్వేటివ్ మంత్రి పదవికి మొదటి అర్హత అనుభవం కాదు, బ్రెగ్జిట్ పట్ల విధేయత. కాదనే గొంతు పార్టీలో మిగల్లేదు. మూడేళ్ల తర్వాత లిజ్ ట్రస్ ప్రధాని అయినప్పుడు దాని ఫలితం కనిపించింది. పార్టీ సభ్యుల్లో 81,326 మంది ఓటేస్తే ఆమె దేశానికి ప్రధాని అయ్యారు. రాగానే ఆర్థిక శాఖలో అత్యంత సీనియర్ అధికారి టామ్ స్కాలర్‌ను తీసేశారు. స్వతంత్ర బడ్జెట్ సంస్థ ఓబీఆర్ అంచనాలు లేకుండానే 2022 సెప్టెంబర్ 23న 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. మూడు రోజుల్లో పౌండు డాలర్‌తో పోలిస్తే చరిత్రలోనే కనిష్ఠానికి పడింది. పెన్షన్ ఫండ్లు కూలిపోకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. అక్టోబర్ చివరికల్లా ఆమె మాజీ అయ్యారు. ఇది నేరుగా బ్రెగ్జిట్ వల్ల కాదనేవాళ్లున్నారు. నిజమే, కానీ నిపుణుల మాట వినడం పిరికితనమనే వాతావరణం ఆ పార్టీలో ఎక్కడ మొదలైందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

ఈలోగా చెత్తబుట్టలో పారేయమన్న ఫారాలు ఉత్తర ఐర్లండ్‌లో నిజంగానే ఎదురయ్యాయి. 2021 జనవరిలో బెల్‌ఫాస్ట్ సూపర్‌మార్కెట్లలో కొన్ని అరలు ఖాళీ అయ్యాయి. ఇంగ్లండ్ నుంచి మొక్కలు, సాసేజీలు తెచ్చుకోవడం తలనొప్పిగా మారింది. మోసపోయామన్న కోపంతో డీయూపీ 2022 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వాన్ని కూల్చింది. రెండేళ్లు మంత్రివర్గమే లేదు. బ్రెగ్జిట్ కోసం ప్రచారం చేసి, మే ఒప్పందాన్ని ఓడించి, చివరికి అంతకంటే చేదైన ఒప్పందాన్ని నెత్తికెత్తుకున్న పార్టీ అది. 2022 ఎన్నికల్లో ఐర్లండ్ ఏకీకరణ కోరే షిన్ ఫేన్ మొదటిసారి అక్కడ అతిపెద్ద పార్టీ అయింది. 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. యూనియనిస్టుల కోసమే గీసిన ప్రాంతంలో ఒక జాతీయవాది ఆ పదవిలోకి రావడం వందేళ్లలో మొదటిసారి.

ట్రస్ తర్వాత ప్రధాని అయిన రిషి సునాక్ 2023లో, ఆ తనిఖీలను తగ్గించే విండ్సర్ ఒప్పందాన్ని ఈయూతో చేసుకుని ఈ గాయానికి కట్టు కట్టారు. ఆయన చేసిన పనుల్లో నికరమైనది అదే. అయితే దాన్ని అమ్ముకునేటప్పుడు, బ్రిటన్ మార్కెట్ ఒకవైపు, ఈయూ మార్కెట్ ఒకవైపు అందుబాటులో ఉన్న ఉత్తర ఐర్లండ్ ప్రపంచంలోనే గొప్ప ఆర్థిక ప్రాంతమని పొగిడారు. 2016కు ముందు దేశం మొత్తానికీ ఉన్నది ఆ అవకాశమే. స్వయానా బ్రెగ్జిట్‌కు ఓటేసిన ప్రధాని నోట ఆ మాట వచ్చింది.

స్కాట్లండ్ కథ అంత పదునుగా లేదు. అక్కడ 62 శాతం ఈయూలో ఉండాలన్నారు, అయినా బయటికి రావాల్సి వచ్చింది. స్వాతంత్ర్య వాదానికి కొత్త ఊపిరి వచ్చింది. లండన్ అనుమతి లేకుండా మరో రిఫరెండం పెట్టుకునే అధికారం ఎడిన్‌బరోకు లేదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాక అది కోర్టు దగ్గరే ఆగింది.

చాలామంది ఓటర్లను కదిలించిన అసలు విషయం వలసలు. ఏటా నికర వలసను ‘పదుల వేలకు’ దించుతామని కామెరాన్ హామీ ఇచ్చారు. రిఫరెండం నాటికి అది మూడు లక్షలు దాటి ఉంది. ఈయూ నుంచి స్వేచ్ఛగా వచ్చే దారి 2020 చివరితో మూసుకుపోయింది. కానీ ఆస్పత్రులకు నర్సులు, వృద్ధాశ్రమాలకు కేర్ వర్కర్లు, ఫీజుల కోసం యూనివర్సిటీలకు విదేశీ విద్యార్థులు కావాలి. ఆ తలుపులు జాన్సన్ ప్రభుత్వమే బార్లా తెరిచింది. తెలుగు రాష్ట్రాలకు ఇది నేరుగా తగిలిన మలుపు. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా 2021 జులైలో మళ్లీ రావడంతో హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీల్లో యూకే పేరు గట్టిగా వినబడింది. భార్యాభర్తలు కలిసి వెళ్లిన ఇళ్లు ఎన్నో. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది. వలస తగ్గుతుందని ఓటేసిన జనం ముందు ఏ మంత్రీ నిలబడి, మాకు ఈ మనుషులు అవసరం, అందుకే రమ్మన్నాం అని చెప్పలేదు. చెప్పకుండా తెరిచారు, చెప్పకుండానే మూయడం మొదలుపెట్టారు. 2024 జనవరి నుంచి ఎక్కువమంది విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు పోయింది. విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకం 2025లో ఆగింది. అప్పులు చేసి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఈ హెచ్చుతగ్గుల టెన్షన్ ఇంకా తీరలేదు.

వాణిజ్యంలోనూ అంతే. భారత్‌తో ఒప్పందం దీపావళికల్లా పూర్తి చేస్తామని జాన్సన్ 2022లో ఢిల్లీ వచ్చి అన్నారు. సంతకం పడింది 2025 జులై 24న, ఆయన తర్వాత మూడో ప్రధాని హయాంలో. స్కాచ్ విస్కీ మీద 150 శాతం సుంకం దశలవారీగా తగ్గుతుంది, మన రొయ్యలకు అక్కడ సుంకం పోతుంది. ఆంధ్రా తీరానికి అది మంచి కబురే. ఈ ఒప్పందం దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్లు తెస్తుందని బ్రిటన్ ప్రభుత్వ అంచనా. ఈయూలో ఉండి ఉంటే ఉండే ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని ఓబీఆర్ అంచనా. ఆ నష్టం ముందు ఈ లాభం ఏ మూలకూ రాదు.

2017లో కన్జర్వేటివ్, లేబర్ పార్టీలకు కలిపి 82 శాతం ఓట్లు వచ్చాయి. 2024లో 57. లేబర్ నేత కియర్ స్టార్మర్ 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు గెలిచారు. ఫరాజ్ కొత్త పార్టీ రిఫార్మ్ యూకే 14 శాతం ఓట్లతో ఐదే సీట్లు తెచ్చుకున్నా, 2025 మేలో పది కౌన్సిళ్లు చేజిక్కించుకుని, లేబర్ కంచుకోట రన్‌కార్న్‌ను ఉప ఎన్నికలో ఆరు ఓట్ల తేడాతో గుంజుకుంది. బ్రెగ్జిట్ ఇలా జరగాలని మేం కోరలేదు అన్నదే ఫరాజ్ బేరం. దారి ఏదో ఎవరూ ముందు చెప్పలేదు కాబట్టి ఆ మాట అనడం ఆయనకు తేలిక.

బయటికి రావడం పొరపాటని సర్వేల్లో సగానికి పైగా జనం అంటున్నా, సింగిల్ మార్కెట్‌కూ కస్టమ్స్ యూనియన్‌కూ తిరిగి వెళ్లేది లేదని స్టార్మర్ ఎన్నికలకు ముందే మాటిచ్చేశారు. 2025 మే 19న లండన్‌లో ఈయూతో కొత్త అవగాహన కుదిరింది. ఐరోపా పడవలకు బ్రిటన్ జలాల్లో చేపలు పట్టే వీలు 2038 దాకా పొడిగించారు. బదులుగా ఆహార పదార్థాల ఎగుమతికి తనిఖీలు తగ్గించే ఒప్పందానికి దారి పడింది. ఆ ఒప్పందం నడవాలంటే ఆహార నిబంధనల్లో ఈయూ మార్చినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి, ఆ మార్పుల మీద దానికి ఓటు ఉండదు, వివాదం వస్తే ఈయూ చట్టానికి అర్థం చెప్పేది ఐరోపా న్యాయస్థానమే. లాభం చూస్తే అది సహేతుకమైన బేరమే కావచ్చు. ప్రభుత్వం మాత్రం ఆ రోజు జనానికి ఎక్కువగా చెప్పింది సరుకుల ధరలు తగ్గడం గురించి, విమానాశ్రయాల్లో ఈ-గేట్ల దగ్గర క్యూలు తగ్గడం గురించి.